దంతాల పొందిక, దవడ నడక

ఈ ప్రసంగం వింటున్నవారిని ముందుగా ఒక చిన్న విషయం గమనించవలసిందని కోరుతున్నాను. ఈ క్షణాన మీ పెదవులు మూసే ఉండవచ్చు. మరి లోపల పైపళ్ళు, కిందిపళ్ళు ఒకదానికొకటి తగులుతున్నవా? తగులుతున్నట్లయితే మీరు ఏదో ఆలోచనలో పడి దవడ బిగించి కూర్చున్నారన్న మాట. మనిషి నెమ్మదిగా ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉంటవి గాని పళ్ళు కలిసి ఉండవు. రెండు వరుసల నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. నమలటం, మింగటం అన్నీ లెక్కవేసినా, 24 గంటలలో పళ్ళు నిజంగా ఒకదానినొకటి తాకి ఉండే కాలం 20 నిమిషాలకు అటూ ఇటూగా మాత్రమేనని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇప్పుడు రెండు చూపుడువేళ్ళు రెండు చెవుల ముందు ఆనించి మెల్లగా నోరు తెరవండి. వేళ్ళ కింద ఒక ఎముక తల మొదట తిరుగుతుంది. తరువాత ముందుకు జారుతుంది. అదే దవడకీలు. తలుపు బందు వలె తిరగటమూ, బల్ల సొరుగు వలె జారటమూ రెండూ దానికి తెలుసు. పైగా ఇవి రెండు కీళ్ళు. రెంటినీ కలిపేది ఒకే ఎముక. ఎడమ కీలుతో పని లేకుండా కుడి కీలు కదలటం సాధ్యం కాదు. ఇటువంటి జంట కీలు శరీరంలో మరొక చోట లేదు.

ఈ రెండు సంగతులు మనసులో ఉంచుకుంటే, దంతవైద్యంలో నూరేళ్ళకు పైగా సాగిన ఒక వాదం సులభంగా బోధపడుతుంది. పైపళ్ళు, కిందిపళ్ళు ఒక నిర్ణీతమైన తీరున కలవకపోతే అది రోగమా? దవడ నొప్పికి అదే మూలమా? అట్లా అయితే, పళ్ళను సరిచేస్తే నొప్పి పోవాలి కదా? ఇదీ ఆ వాదం.

ఈ వాదంలో నాకు స్వంత ప్రయోజనం కూడా లేకపోలేదు. కొన్ని సంవత్సరాల క్రితం నోరు తెరిచినప్పుడల్లా నా ఎడమ చెవి ముందు టక్కుమని చప్పుడు రాసాగింది. క్రమంగా నొప్పి కూడా తోడయింది. మాట మీద బ్రతికేవాడికి దవడ నొప్పి అంటే వడ్రంగికి మణికట్టు నొప్పి వంటిది. ఒక దంతవైద్యుని వద్దకు వెళ్ళాను. ఆయన నా పళ్ళ మధ్య నీలపు కాగితం పెట్టి కొరకమన్నారు. పళ్ళ మీద పడిన చుక్కలను పరిశీలించారు. “మీ పళ్ళ పొందిక తప్పింది. ఆరు పళ్ళను అరగదీయాలి. ఆలస్యం చేస్తే కీలు పాడవుతుంది” అన్నారు.

పంటి మీది పింగాణి పొర ఒకసారి అరిగితే తిరిగి రాదు. ఆ ఆరు పళ్ళూ నా ఎరుకలో ఎన్నడూ నన్ను బాధపెట్టినవి కావు. ధైర్యం చాలక, దంతవైద్య కళాశాలలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయనను ఆశ్రయించాను. ఆయన నా నోటిలోకి చూడటానికి ముందే, “రాత్రిళ్ళు నిద్ర పడుతున్నదా?” అని అడిగారు. పంటి సంగతి చెప్పుకుందామని వెళ్ళినవాడికి ఆ ప్రశ్న వింతగా తోచింది. ఆ ఒక్క ప్రశ్న వెనుక ఎంత చరిత్ర ఉన్నదో తరువాత చదివి తెలుసుకున్నాను.

ఆ చరిత్ర అమెరికాలో ఎడ్వర్డ్ ఏంగిల్ అనే ఆయనతో మొదలవుతుంది. ఆయన 1855లో పుట్టి 1930లో గతించారు. పళ్ళ వంకరలు సరిచేసే విద్యను ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టింది ఆయనే. 1899లో ఆయన ఒక విభజన ప్రకటించారు. పైదవడలోని మొదటి పెద్దపన్ను కిందిదవడలోని మొదటి పెద్దపన్ను మీద ఎక్కడ కూర్చున్నదనే దానిని బట్టి వంకరలన్నిటినీ మూడు తరగతులుగా ఏర్పరిచారు. అంతకు ముందు ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకొనేవారు. ఈ విభజనతో వైద్యులందరికీ ఒక ఉమ్మడి భాష దొరికింది. ఈనాటికీ దంతవైద్య విద్యార్థులు మొదట నేర్చుకొనేది ఆ మూడు తరగతులనే.

అయితే విభజనతో పాటు ఒక ఆదర్శం కూడా వచ్చింది. 32 పళ్ళూ నిండుగా, ఒక్కటీ తొలగకుండా, చక్కగా కుదిరి ఉన్న ఒక పుర్రెను ఏంగిల్ మేలుబంతిగా చూపారు. ప్రకృతి ఉద్దేశించిన పొందిక అదేననీ, దానికి తగ్గినదంతా లోపమేననీ, ఒక్క పన్నయినా పీకకుండా అందరినీ ఆ స్థితికి తీసుకురావచ్చుననీ ఆయన విశ్వాసం. ఆయన తరువాత మరికొందరు ఇంకొక అడుగు ముందుకు వేశారు. 1926లో కాలిఫోర్నియాలో బెవర్లీ మెకాలమ్ దవడ కదలికల అధ్యయనానికి ఒక సంఘం స్థాపించారు. రోగి పళ్ళకు ప్లాస్టర్ అచ్చులు తీసి, వాటిని దవడను అనుకరించే లోహయంత్రంలో బిగించి, వెంట్రుకవాసి తేడాలను కొలవసాగారు. నోరు ఒక యంత్రమనీ, యంత్రంలో పళ్ళచక్రాలు సరిగా కలవకపోతే ఇరుసు అరుగుతుందనీ అనుకోవటం ఆ రోజులలో సహజమే అయినది.

ఈ ఆదర్శానికి మొదటి దెబ్బ ఏంగిల్ శిష్యుని చేతనే తగిలింది. చార్లెస్ ట్వీడ్ గురువు చెప్పినట్లే పళ్ళు పీకకుండా ఎందరికో వరుసలు సరిచేశారు. తీరా చూస్తే చాలామందిలో పళ్ళు మళ్ళీ వంకరపోయినవి. కొందరి మూతి ముందుకు పొడుచుకు వచ్చింది. 1930, 1940 దశకాలలో ఆయన అటువంటి వారికి తిరిగి వైద్యం చేసి, అవసరమైన చోట నాలుగు చిన్నపళ్ళు తీసివేసి, రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూపారు. అందరి దవడలో 32 పళ్ళకు చోటు లేదని తేలిపోయింది.

రెండవ దెబ్బ కొలతల వల్ల తగిలింది. 1952లో స్వీడన్‌లో ఉల్ఫ్ పోసెల్ట్ సజీవులైన మనుషుల దవడ కదలికలకు పటం గీశారు. చాలామంది అలవాటుగా నోరు మూసే స్థానం, యంత్రవాదులు సరియైనదని చెప్పిన స్థానానికి సుమారు ఒక మిల్లీమీటరు ముందుకు ఉన్నది. అంటే వారు లోపమన్నది లోకంలో సామాన్య స్థితి. అమెరికాలో 1988 నుంచి 1994 వరకు జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో, ఏంగిల్ చెప్పిన సలక్షణమైన పొందిక నూటికి రమారమి 30 మందిలోనే కనిపించింది. నూటికి 70 మందిని రోగులనవలసివస్తే, ముందు ఆ కొలబద్ద సంగతే ఆలోచించవలసి ఉంటుంది.

మూడవది నమలటానికి సంబంధించినది. 1981లో హాలెండ్ దేశస్థుడు ఆర్న్ట్ కేసర్, వెనుక దవడపళ్ళు పోగొట్టుకున్నవారిని పరిశీలించి, ముందుపళ్ళతో పాటు కొన్ని చిన్న దవడపళ్ళు మిగిలి ఉంటే చాలామంది సుఖంగానే తినగలుగుతున్నారని చూపారు. 1989లో జపాన్ దేశం, 80 ఏళ్ళ వయసున 20 పళ్ళు అనే నినాదంతో ఉద్యమం ఆరంభించింది. 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక కూడా జీవితాంతం కనీసం 20 సహజ దంతాలు పనిచేసే స్థితిలో ఉండటాన్నే లక్ష్యంగా పేర్కొన్నది. లెక్క ఇక నిండు వరుస మీద లేదు. పని జరుగుతున్నదా లేదా అన్న దాని మీదికి మారింది.

ఇక నొప్పి సంగతి. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు పదకొండుమంది రోగులను వర్ణిస్తూ ఒక వ్యాసం వ్రాశారు. వెనుకపళ్ళు పోవటంతో దవడ అతిగా మూసుకొని, ఎముక తల వెనుకకు ఒత్తి నరాలను నొక్కుతున్నదనీ, అందుచేతనే చెవిపోటు, తలనొప్పి వస్తున్నవనీ ఆయన భావన. శరీర నిర్మాణాన్ని బట్టి చూస్తే ఆ ఎముక ఆ నరాలను ఆ విధంగా నొక్కటం కుదరదని 1948లో హారీ సిషర్ వివరించారు. కాని నెపం అప్పటికే పంటి మీద పడిపోయింది. 1969లో షికాగోలో డేనియల్ లాస్కిన్, ఈ బాధ ఎక్కువగా నమలే కండరాలలో పుడుతున్నదనీ, మనసు ఒత్తిడికి లోనై దవడ బిగించటం వల్ల ఆ కండరాలు అలసిపోతున్నవనీ ప్రతిపాదించారు.

1976లో లాస్కిన్, ఆయన సహచరులు ఒక విచిత్రమైన పరీక్ష ప్రకటించారు. దవడ నొప్పితో వచ్చిన 25 మందికి పళ్ళు అరగదీస్తున్నట్లు నటించారే తప్ప నిజంగా అరగదీయలేదు. వారిలో సగానికి పైగా మందికి నొప్పి పోయింది, లేదా చాలావరకు తగ్గింది. వారి నొప్పి కల్పితమని దీని అర్థం కాదు. నొప్పి నిజం, తగ్గటమూ నిజం. కాని తగ్గించినది అరగదీత కాదు. వైద్యుడు శ్రద్ధగా చూశాడన్న ఊరట, కొంత కాలగతి, కొంత విశ్రాంతి ఆ పని చేసినవని అనుకోవాలి. ఎందుకంటే ఈ నొప్పి చాలామందిలో దానంతట అదే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది.

అటు తరువాత పళ్ళు సరిచేయటమే దవడ నొప్పికి కారణమన్న ఎదురు వాదం కూడా తలెత్తింది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో 1987లో ఈ ఆరోపణ మీద ఒక వైద్యునికి వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. ఆ తీర్పు పుణ్యమా అని విస్తృతంగా పరిశోధనలు జరిగినవి. క్లిప్పులు వేసి పళ్ళు సరిచేయటం వల్ల సాధారణంగా ఈ నొప్పి రాదనీ, ఉన్న నొప్పి పోవటమూ జరగదనీ తేలింది. నొప్పికీ, పళ్ళ పొందికకూ మనం ఊహించినంత చుట్టరికం లేదు.

మరి చుట్టరికం దేనితో? 2006లో మొదలైన ఒక పెద్ద అమెరికన్ పరిశోధనలో, దవడ నొప్పి లేని రమారమి 2,700 మందిని కొన్ని సంవత్సరాల పాటు గమనించారు. శరీరంలో ఇతర చోట్ల కూడా నొప్పులున్నవారికి, నిద్ర చెడినవారికి, మానసికంగా నలిగిపోతున్నవారికి ఈ బాధ అధికంగా వచ్చినట్లు కనిపించింది. 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తుల నివేదిక ఇది ఒక్క నోటికి పరిమితమైన వ్యాధి కాదని స్పష్టంగా చెప్పి, వైద్యవిద్యకూ దంతవైద్యవిద్యకూ మధ్య ఉన్న గోడను కూడా విమర్శించింది. “నిద్ర పడుతున్నదా?” అన్న పెద్దాయన ప్రశ్నకు అర్థం ఇదే. మన భాషకు ఈ సంగతి ముందే తెలుసునేమో! కోపం వస్తే పళ్ళు పటపట కొరుకుతాము. కష్టాన్ని పంటిబిగువున భరిస్తాము.

యంత్రానికీ నోటికీ తేడా ఎక్కడ ఉన్నది? యంత్రానికి తెలివిడి లేదు, నోటికి ఉన్నది. అన్నంలో వెంట్రుక వస్తే పంటికి వెంటనే తెలుస్తుంది. పంటి వేరు చుట్టూ ఉన్న సన్నని పొరలోని నరాలు ఆ కబురు మెదడుకు చేరవేస్తవి. మెదడు దవడ నడకను మరుక్షణంలో మార్చుతుంది. ఒకవైపు పన్ను సలిపితే మనం ఆలోచించకుండానే రెండవ వైపు నములుతాము. ఇంతటి సర్దుబాటు చేసుకొనే అవయవంలో, కొద్దిపాటి ఎగుడుదిగుడుతో జీవితమంతా సుఖంగా గడిపేవారే అధికం.

పళ్ళు ఉన్న చోట ఎందుకు ఉన్నవన్న ప్రశ్నకు కూడా జవాబు మారింది. లోపలి నుంచి నాలుక, బయటి నుంచి పెదవులు, బుగ్గలు మెత్తగా ఆనుకొని ఉంటవి. కొద్దిసేపు పడే పెద్ద బరువు కంటె గంటల తరబడి ఉండే ఈ మెత్తని ఒత్తిడే పంటిని కదిలిస్తుందని 1978లో విలియం ప్రాఫిట్ విశదీకరించారు. పసివాళ్ళు గంటల తరబడి బొటనవేలు చీకితే పళ్ళు ముందుకు రావటం ఇందువల్లనే.

తినే తిండికి కూడా ఇందులో పాత్ర ఉన్నట్లు కనిపిస్తున్నది. అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు రాబర్ట్ కొరుచ్చీని భారతీయ సహచరులతో కలిసి చండీగఢ్ పరిసరాలలో పరిశీలించి 1983లో ఫలితాలు ప్రకటించారు. గట్టి తిండి తినే పల్లె యువకుల కంటె మెత్తని తిండి తినే పట్టణ యువకులలో పళ్ళ వంకరలు ఎక్కువగా కనిపించినవి. 2004లో హైరాక్స్ అనే చిన్న జంతువులకు కొన్నిటికి వండిన మెత్తని ఆహారం, కొన్నిటికి పచ్చి ఆహారం పెట్టి పెంచితే, మెత్తనిది తిన్నవాటి ముఖం కింది భాగం సుమారు పదోవంతు తక్కువగా పెరిగింది. ఎదిగే వయసులో దవడకు పని ఉండాలి. జొన్నరొట్టె, చెరుకు, తేగలు, వేయించిన సెనగలు నమలగలిగిన పిల్లలకు వయసుకు తగినట్లు పెట్టటం మంచిదే. కాని వంశాన్ని బట్టి వచ్చే తీరు కూడా ఉన్నది. వంకరపోయిన వరుసను చెరుకుగడ సరిచేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

అట్లాగని పళ్ళను సరిచేయించటమే వృథా అని నేను చెప్పటం లేదు. మా చెల్లెలి కూతురికి పన్నెండేళ్ళ వయసులో ముందుపళ్ళు బాగా ఎత్తుగా ఉండేవి. నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకొనేది. ఒకనాడు సైకిలు మీద నుంచి పడి ఒక పంటి అంచు విరగగొట్టుకున్నది. పైపళ్ళు మూడు మిల్లీమీటర్లకు మించి ముందుకు ఉన్న పిల్లలకు ఇటువంటి దెబ్బలు తగిలే అవకాశం సుమారు రెట్టింపని పరిశీలనలు చెబుతున్నవి. నిపుణుడు క్లిప్పులు వేశారు. దవడ నొప్పి రాకుండా ఆపుతానని ఆయన మాట ఇవ్వలేదు. పళ్ళకు దెబ్బ తగలకుండా, పెదవులు హాయిగా మూసుకొనేటట్లు చేస్తానని మాత్రమే అన్నారు. “బాధేమైనా ఉన్నదా అమ్మా?” అని నేను అడిగితే, “బాధ లేదు మామయ్యా, ఫొటోలో నవ్వాలని ఉంది” అన్నది. అది కూడా వైద్యానికి తగిన కారణమే.

1989లో బ్రిటన్‌లో బ్రూక్, షా అనే ఇద్దరు రూపొందించిన సూచికలో ఈ వివేకమే కనిపిస్తుంది. అది వంకర ఉన్నదా అని మాత్రమే అడగదు. ఆ వంకర వల్ల హాని ఎంత అని అడిగి అయిదు మెట్లుగా విభజిస్తుంది. పైపళ్ళు కింది చిగురును గాయపరచటం, మూసేటప్పుడు దవడ పక్కకు తొలగటం, పన్ను ఎముకలోనే చిక్కుకొని ఉండటం, గ్రహణమొర్రి వంటివి ఉన్నచోట వైద్యం తప్పక ఆలోచించాలి.

కాబట్టి మీ ఇంటిలో ఎవరికైనా పళ్ళ పొందిక సరిగా లేదని చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. దీని వల్ల ఇప్పుడు జరుగుతున్న హాని ఏమిటి? చేయబోయే వైద్యం ఆ హానిని తొలగిస్తుందా? అది నచ్చకపోతే వెనుకకు మళ్ళించుకోగలిగినదా? దవడ నొప్పికి మొదట చేయవలసినవి తిరిగి మార్చుకోగలిగిన ఉపాయాలే: కొన్నాళ్ళు మెత్తని భోజనం, వేడికాపు, పెద్దగా నోరు తెరవకుండా జాగ్రత్త, పళ్ళు బిగించే అలవాటును కనిపెట్టి మానుకోవటం, వైద్యుడు చెప్పిన వ్యాయామం. పళ్ళు అరగదీయటం, కీలుకు శస్త్రచికిత్స వంటి వాటికి తొందరపడరాదు. నొప్పి లేని చప్పుడుకు సాధారణంగా వైద్యమే అక్కరలేదు.

కొన్ని గుర్తులను మాత్రం ఉపేక్షించవద్దు. దవడ పట్టేసి నోరు తెరుచుకోకపోవటం, వాపు, జ్వరం, తిమ్మిరి ఉంటే వెంటనే చూపించుకోవాలి. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు దవడలోకి పాకే నొప్పి గుండెకు సంబంధించినది కావచ్చు. వయసు మళ్ళినవారికి నమిలేటప్పుడు దవడ నొప్పి, దానితో పాటు కొత్తగా కణతల నొప్పి, చూపు మందగించటం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు.

నా సంగతి చెప్పి ముగిస్తాను. పెద్దాయన నన్ను ఒక వారం రోజులు నా దవడను నేనే కనిపెట్టి ఉండమన్నారు. మూడవ నాడే దొంగ దొరికాడు. స్టూడియోలో ఎర్రదీపం వెలిగే ముందు క్షణాలలో నేను పళ్ళు గట్టిగా బిగించి కూర్చుంటున్నాను. రోజుకు ఎన్నిమార్లో లెక్కలేదు. ఆ అలవాటు మానుకోవటానికి రెండు నెలలు పట్టింది; నొప్పి కూడా ఆ రెండు నెలలలోనే సర్దుకున్నది. చప్పుడు అప్పుడప్పుడు ఇంకా వస్తూనే ఉన్నది. ఆరు పళ్ళూ ఎట్లా ఉన్నవో అట్లాగే ఉన్నవి.

ఇందాక ఈ ప్రసంగం ఆరంభించే ముందు కూడా ఎర్రదీపం వెలిగింది. పెదవులు మూసి, పళ్ళు విడిచి, ఒక్కసారి ఊపిరి తీసుకొని మొదలుపెట్టాను. మీరు కూడా ఈ రాత్రి పడుకొనే ముందు ఒకసారి చూచుకోండి.